పెరటి దారికి తాళం

కుట్టుపిన్నికి కోపం వచ్చిందంటే ముందు తెలిసేది ఆమె మిషనుకే. తొక్కుడు జోరందుకుంటుంది, సూది దడదడలాడుతుంది, నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని తలలు వంచుకుంటారు. ఆ రోజుల్లో మిషను అలా దడదడలాడని పూట లేదు.

వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నవాళ్ళకీ పిన్నే, తనకంటే పెద్దవాళ్ళకీ పిన్నే. కట్టుకున్నవాడు సైతం ఆకలి వేసినప్పుడు "పిన్నిగారూ, ఈ పూటకి అన్నం దొరుకుతుందా?" అని వంటింటి గుమ్మంలో నిలబడతాడు. ఆయన వడ్రంగి. చెయ్యి గట్టిది, మాట మెత్తన. ఆమెది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఆమె ఆ ఇంటికి కోడలై వచ్చినప్పుడు గుండీ కుట్టడం కూడా రాదు. మిషను ముందు కూర్చోబెట్టి నేర్పింది అత్తగారు. కుట్టు వంకరపోతే విప్పించేది, మళ్ళీ పోతే మళ్ళీ విప్పించేది, ఒక్కనాడు తిట్టేది కాదు. ఆ ఇంటి పక్కన, గోడ వెంబడి, ముందు వీధి నుంచి వెనక వీధి దాకా పొడుగాటి ఖాళీ స్థలం ఉంది. ముందు వీధిలో వాళ్ళ ఇంటికి ఎదురుగా చిన్నపిల్లల బడి. వెనక వీధి పిల్లలు బడికి రావాలంటే లారీలు తిరిగే పెద్దరోడ్డెక్కి చుట్టూ రావాల్సిందే. ఒక వానాకాలం, లారీ చిమ్మిన బురదలో నిలువెల్లా తడిసి ఏడుస్తూ వచ్చిన పసిదాన్ని చూసి అత్తగారు వెనక గోడకు సందు కొట్టించింది. "పసివాళ్ళు నడిస్తే మన నేలేం అరిగిపోదులే," అంది. అంతే. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. అది దారి అయిపోయింది.

అత్తగారు పోయాక ఆ దారిని పిన్ని చూసుకునేది. కిటికీ పక్కన అరుగు మీద మంచినీళ్ళ కుండ పెట్టేది. గుండీ ఊడిన పిల్లనో పిల్లాణ్ణో కిటికీ దగ్గర నిలబెట్టి, చొక్కా ఒంటి మీద ఉండగానే నాలుగు పోగులు వేసి పంపేది. పొద్దున్నే కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకునే వేళకే పిల్లల గుంపు వచ్చేది. ఆమె కళ్ళు తెరవకుండానే "మెల్లిగా వెళ్ళండర్రా, తడిగా ఉంది," అనేది. మధ్యలో ఆ మాట అన్నందుకు దేవుడేమీ అనుకోడని ఆమె నమ్మకం. నిజానికి ఆయన వినేది ఆ మాటేనేమో.

మధ్యాహ్నాలు ముందుగదిలో ఆడపిల్లలు కుట్టు నేర్చుకునేవాళ్ళు. గది ఇరుకు. ఒకరు గుడ్డ పరిస్తే ఇంకొకరు లేచి నిలబడాలి. పక్కనున్న స్థలంలో, మనిషి పట్టేంత సందు వదిలి, వాళ్ళకోసం ఒక గది వేయాలని మొగుడూ పెళ్ళాలు ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నారు. ఎక్కడ ఇల్లు పడగొట్టినా ఆయన పనికిరాని ఇటుకలు అడిగి తెచ్చి గోడవారన పేర్చేవాడు. కిటికీ చట్రం అప్పుడే చేసిపెట్టాడు కూడా.

ఇంతలో వెనక వీధిలో, సరిగ్గా ఆ దారి కలిసేచోట, పాత గోడౌను తలుపు మీద ఒక కాగితం అంటించారు. అక్కడ సారాయీ బీరూ అమ్మి, కూర్చోబెట్టి తాగించడానికి లైసెన్సు అడుగుతున్నారనీ, అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చనీ దాని సారాంశం. అడిగినవాడు నవ్వుల బాబాయి. ఆయన ముఖాన నవ్వు మేకు కొట్టి బిగించినట్టు ఉండేది. పెళ్ళికీ అదే నవ్వు, చావుకీ అదే నవ్వు.

మర్నాడే, కుట్టు నేర్చుకునే ఒక పిల్ల తల్లి గుమ్మంలోకి వచ్చి చెంగు మెలిపెట్టుకుంటూ నిలబడింది.

"నీ మీద నమ్మకం లేక కాదు పిన్నీ. అది తెరిస్తే మాత్రం మా దాన్ని పంపలేను. సాయంత్రం ఆ తాగుబోతుల మధ్యలోంచి ఎలా రమ్మంటావ్ చెప్పు?"

"తెరిస్తే కదా!" అంది పిన్ని. కానీ తల్లులందరూ అదే మాట అంటారని ఆమెకు తెలుసు. పిల్లలు రాకపోతే అత్తగారు నేర్పిన విద్య తనతోనే ఆగిపోతుంది. ఒళ్ళు మండిపోయింది.

ఇల్లిల్లూ తిరిగింది. పదిమంది ఆడవాళ్ళు వెంట వచ్చారు. మగవాళ్ళలో సగం మంది "చూద్దాం" అన్నారు. గోడౌను పక్కింటి తపాలా తాతయ్య, ఒకప్పుడు ఊరంతా ఉత్తరాలు పంచినవాడు, అభ్యంతరం లేదని అప్పటికే సంతకం పెట్టి ఇచ్చేశాడు.

"నాకు చెవుడు కదమ్మా, గోల వినపడదు," అన్నాడు నిమ్మళంగా.

"మీ మనవరాలికి లేదుగా తాతయ్యా చెవుడు! అది వింటుంది ఆ బూతులన్నీ."

తాతయ్యకు ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

లైసెన్సు ఆఫీసులో గుమాస్తా తల ఎత్తలేదు. "కొలతకి వస్తారు. అప్పుడు చెప్పుకోండి."

"ఏం కొలుస్తారు బాబూ?"

"దూరం."

"దేనికీ దేనికీ మధ్య?"

"వచ్చినప్పుడు తెలుస్తుందిలేమ్మా. పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు."

వెనక ఎవరూ లేరు. పిన్ని పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చింది.

అప్పటినుంచే ఆమె పెరటి దారిలో కొత్త మనుషులు మొదలయ్యారు. గోడౌనుకు మరమ్మతులట. సిమెంటు బస్తాలూ, రేకులూ, బల్లలూ, అన్నీ ఆ సందులోంచే మోశారు. నీళ్ళ కుండ పగిలింది. తీగ మీద ఆరేసిన కొత్త జాకెట్టుకు ఎవడో సున్నం చేతులు తుడిచిపోయాడు. అడిగితే "దారే కదమ్మా!" అన్నాడు. పిన్ని అగ్గిమీద గుగ్గిలం అయింది. ఆ కేకలకు నవ్వుల బాబాయే స్వయంగా వచ్చాడు.

"అయ్యయ్యో, తప్పే చెల్లెమ్మా! మావాళ్ళకి బుద్ధి లేదు. స్థలం నీది, కాదన్నదెవరు? శుభ్రంగా ఒక గేటు పెట్టించుకో. తాళం వేసుకో. మావాళ్ళు చుట్టూ తిరిగి చస్తారు. నా దగ్గర మంచి తలుపు బందులు మిగిలాయి, పంపించనా?"

"మీ బందులు మీరే ఉంచుకోండి. మా ఇంట్లో వడ్రంగి ఉన్నాడు."

"అదీ నిజమే," అని ఆయన నవ్వాడు. వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి ఇంకోసారి నవ్వాడు.

భర్త గేటు చేయడానికి వెంటనే ఒప్పుకోలేదు. "పిల్లల సంగతి?" అన్నాడు.

"ఈ గొడవ తేలేదాకా చుట్టూ తిరిగి వస్తారు. నేనే దగ్గరుండి రోడ్డు దాటిస్తాను. ఈ వెధవలు మాత్రం నా పెరట్లో అడుగు పెట్టడానికి వీల్లేదు!"

"కోపంలో చేసే పని..."

"కోపం రాక ముద్దొస్తుందా? చేస్తారా, బజార్లో కొనుక్కురమ్మంటారా?"

ఆయన ఉలీ సుత్తీ తీశాడు. వెనక సందుకు గేటు బిగించాడు. పిన్ని తన చేత్తో తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది. చాలా రోజుల తరవాత కడుపునిండా అన్నం తింది.

గేటు పడిన మర్నాడే కొలతల ఆఫీసరు దిగాడు. కర్రకు తగిలించిన చక్రం ఒకటి తెచ్చాడు. దాన్ని నడిపిస్తే ఎంత దూరం దొర్లిందో అదే చూపిస్తుంది. గోడౌను తలుపు దగ్గర మొదలుపెట్టి కదిలాడు. పక్కన నవ్వుల బాబాయి. గేటు దగ్గర ఆఫీసరు ఆగాడు.

"ఇదేమిటి, ఇటు దారి ఉందా?"

"దారెక్కడిది సార్, ఎవరిదో సొంత పెరడు. తాళం కనపడుతోందిగా. కావాలంటే ఇంటావిణ్ణే అడగండి."

లోపల మిషను ఆగింది. గేటు అవతల బాబాయి ముఖం కనపడగానే పిన్నికి తల తిరిగిపోయింది. ఊగిపోతూ వచ్చింది.

"అవును, నాదే! మా సొంతం! ఇక్కడ ఎవరికీ దారీ లేదు, గీరీ లేదు! ఒక్కడు అడుగు పెడితే కాళ్ళు విరగ్గొడతాను!"

"విన్నారుగా," అన్నాడు బాబాయి ఎంతో వినయంగా.

ఆఫీసరు తలాడించి, చక్రాన్ని పెద్దరోడ్డు వైపు తిప్పాడు.

అదంతా బడి వరండాలోంచి పంతులమ్మ చూసింది. కూతురి పురుడు కోసం సెలవు పెట్టి వెళ్ళి ఆ పొద్దునే తిరిగొచ్చింది. పరుగున వచ్చి పిన్ని చెయ్యి పట్టుకుంది.

"ఎంత పని చేశావు పిన్నీ! బడి తలుపుకీ బారు తలుపుకీ మధ్య మనిషి నడిచే దూరం కొలుస్తారు. అది ఫలానా దూరం కంటే తక్కువుంటే లైసెన్సు ఇవ్వకూడదని రూలుంది. నీ పెరట్లోంచి వస్తే రెండూ పక్కపక్కనే. రోడ్డు మీదుగా అయితే కావలసినంత దూరం. వాడికి కావలసింది ఈ తాళమే! నువ్వే వేసి పెట్టావ్."

 సిమెంటు బస్తాలు తన పెరట్లోంచే ఎందుకు మోశారో, బందులు ఉచితంగా ఎందుకు ఇస్తానన్నాడో అప్పుడు పిన్నికి అర్థమైంది. వాడు ఆమె కోపాన్ని ముందే చక్రం పెట్టి కొలుచుకున్నాడు. అత్తగారు పసిపిల్లల కోసం తెరిచిన సందును, వాడి కోసం తను మూసింది. వాడి మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద అంతకు రెట్టింపు వచ్చింది. గభాలున వీధిలోకి పరిగెత్తింది.

ఆఫీసరు అప్పటికి చుట్టూ తిరిగి బడి గేటు దాకా వచ్చేశాడు.

"అయ్యా, మళ్ళీ కొలవండి. అది దారే. ఈ బడి పిల్లలందరూ నడిచే దారి."

"ఇందాక మీరేగా అమ్మా కాళ్ళు విరగ్గొడతానన్నారు?"

"వీళ్ళ కాళ్ళు! పిల్లల కాళ్ళు కాదు!"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. ఆఫీసరూ నవ్వబోయి ఆపుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఎండలో చుట్టూ తిరిగి అలిసిపోయి ఉన్నాడు.

"చూడండమ్మా. మీరు ఇష్టమైతే తెరిచి, కోపమొస్తే మూసేదాన్ని నేను దారి అని రాయలేను. ఇది ఊరి దారి అని మీరు రాసిచ్చి సంతకం చెయ్యాలి. చేశాక మూయడానికి లేదు. ఈ స్థలం మొత్తంలో ఒక్క ఇటుక పెట్టడానికి కూడా లేదు. ఆలోచించుకోండి."

పిన్ని భర్త వైపు చూసింది. స్థలం ఆయన తల్లిది. గోడవారన ఇటుకలు పేర్చింది ఆయన. కిటికీ చట్రం చేసింది ఆయన. ఎవరి కోసం ఆ గది అనుకున్నారో ఆ ఆడపిల్లలు గుమ్మంలో గుంపుగా నిలబడి చూస్తున్నారు.

"నన్నెందుకు చూస్తావ్?" అన్నాడాయన. "ఆ గేటుకి ఒక మేకు తక్కువ కొట్టాను, నీ కోపం తగ్గాక ఊడదీయాల్సి వస్తుందని. కోపం తగ్గలేదు గానీ, ఊడదీసే పని వచ్చింది. తాళంచెవి ఇలా ఇయ్యి."

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చింది. ఆయన గేటు పీకి గోడకు ఆనించాడు. ఇద్దరూ ఆఫీసరు చూపించిన చోట సంతకాలు చేశారు. పంతులమ్మ సాక్షి అయింది. చక్రం మళ్ళీ గోడౌను తలుపు దగ్గర మొదలై, పెరట్లోంచి, కిటికీ కింద నుంచి, ఇటుకల పక్క నుంచి దొర్లుకుంటూ వచ్చి బడి గుమ్మంలో ఆగింది. ఆఫీసరు అంకె చూసి బుర్ర అడ్డంగా ఊపాడు. "ఇక్కడ కుదరదండీ," అన్నాడు నవ్వుల బాబాయితో.

బాబాయి నవ్వు చెరగలేదు. అదే పిన్నికి అన్నిటికంటే ఎక్కువ మంట.

"పోనీలే చెల్లెమ్మా. ఇంకో ఊళ్ళో ఇంకో గోడౌను దొరుకుతుంది. నీ గది మాత్రం పోయిందే పాపం! అన్నట్టు, ఇప్పుడిది ఊరి దారి కదూ? మా సామానంతా వెనక్కి చేరవేసుకోవాలి. రోడ్డు మీదుగా అయితే బాగా చుట్టు."

ఆ మధ్యాహ్నమే మోత మొదలైంది. బల్లలు, రేకులు, వాడకుండా మిగిలిన సిమెంటు బస్తాలు, అన్నీ మళ్ళీ ఆ సందులోంచే. ఆడపిల్లలు కుట్టు ఆపి కిటికీలోంచి చూస్తున్నారు. పిన్ని పెరట్లో ఇటుకల పక్కన నిలబడింది. తిట్లు గొంతు దాకా వచ్చాయి, మింగింది. ఇంకో దఫా వచ్చాయి, మింగింది.

పొడుగాటి బల్ల భుజాన వేసుకుని వచ్చిన కూలివాడు ఆమె ముందు ఆగాడు. చెమటలు కారుతున్నాయి.

"కాస్త పక్కకి జరగమ్మా," అన్నాడు.

తన ఇంటి పక్కన, తన అత్తగారి నేల మీద, ఆమె పక్కకి జరిగింది. పైకి చూసి పెదాలు కదిపింది.

"దేవుడా, వీళ్ళని క్షమించే బుద్ధి రేపు అడుగుతాను. ఈ ఒక్క పూటకీ నన్ను కదిలించకు."

కూలివాడు నాలుగడుగులు వేసి, బల్ల బరువుకు తూలాడు. పిన్ని విసురుగా వెళ్ళి బల్ల రెండో కొస పట్టుకుంది.

"పట్టుకుని ఏడు సరిగ్గా! పిల్లలొచ్చే వేళయింది. తొందరగా కదులు!"