హీరోలకి మా పెద్దమ్మ రాసిచ్చిన గ్యారంటీ

ఆ రోజుల్లో నాకు ప్రేమ గురించి తెలియనిది లేదు. ప్రేమించడం ఒక్కటే తెలియదు గానీ, అదేమంత లోటుగా అనిపించేది కాదు. చిలకలపూడి నుంచి గుడివాడకి రోజూ బస్సులో వెళ్ళి ఎమ్మే సోషియాలజీ చదువుతున్నాను. చివరి సంవత్సరం ప్రాజెక్టుకి నేనెంచుకున్న విషయం, ప్రేమ మీద మనస్తత్వవేత్తలూ సమాజశాస్త్రజ్ఞులూ చెప్పిన సిద్ధాంతాలని మన ప్రేమ సినిమాలకి వర్తింపజేసి చూడటం. (ఈ వాక్యం అద్దం ముందు నిలబడి పైకి చదువుకుంటే నాకే ఒళ్ళు పులకరించేది.) ప్రేమలో మూడు పాళ్ళుంటాయనీ, అవి దగ్గరతనం, ఆకర్షణ, కట్టుబడి ఉండటం అనీ ఒక సిద్ధాంతం. మనుషులు తమలాంటివాళ్ళనీ, తమ కళ్ళ ముందు తిరిగేవాళ్ళనీ మాత్రమే ప్రేమిస్తారని ఇంకో సిద్ధాంతం. పసితనంలో అమ్మ ఒడిలో ఎంత నిశ్చింతగా ఉన్నామో పెద్దయ్యాక అంత నిశ్చింతగా ప్రేమిస్తామని మరొకటి. ఈ మూడూ చంకన పెట్టుకుని నేను తెలుగు సినిమా మీద యుద్ధానికి బయల్దేరాను. గుడివాడ థియేటర్లో హీరో రైలు వెంట పరిగెడుతుంటే హాలంతా ఈలలు వేస్తోంది, నేను మాత్రం పక్కనున్న స్నేహితురాలికి "ఇది ప్రేమ కాదే, చిన్నప్పుడు తల్లి సరిగ్గా ఎత్తుకోకపోవడం వల్ల వచ్చిన ఆందోళన" అని వివరిస్తున్నాను. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, "అమ్మా, టికెట్టు మేం కూడా కొనుక్కున్నాం, కాస్త చూడనిస్తావా?" అన్నాడు. అప్పుడు నోరు మూసుకున్నాను గానీ, నేనన్నది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు.

ప్రాజెక్టు చూసే మాస్టారిని మేం రిఫరెన్స్ మాస్టారు అనేవాళ్ళం. ఏం చెప్పినా "దీనికి రిఫరెన్స్ ఏదమ్మా?" అనేవారు. (జ్వరమొచ్చి నిన్న రాలేదండీ అన్నా అదే మాట.) ఆయన, నువ్వొక్కదానివే సినిమాలకి మార్కులేస్తే అది పరిశోధన కాదు, ఇంకో నలుగురితో వేయించు అన్నారు. ఆ నలుగురూ మా ముందుగదిలోనే ఉన్నారు. అమ్మ, పెద్దమ్మ, ఎదురింటి చర్చి అత్త (ఆదివారం పాటల్లో ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించేది), అప్పుడప్పుడూ ఆమె కోడలు. మా వీధిలో సగం ఇళ్ళలాగే మా ఇంట్లోనూ రోల్డుగోల్డు పని. మధ్యాహ్నం అన్నాలయ్యాక నలుగురూ చాప మీద కూర్చుని పట్టకార్లతో గొలుసుల లింకులు కలుపుతూ, దుద్దులకి రాళ్ళు అతికిస్తూ టీవీలో సినిమా చూసేవాళ్ళు. చూసేవాళ్ళు అనడం కన్నా వినేవాళ్ళు అనాలి, కళ్ళు పని మీదే ఉండేవి. నేను మూడు గళ్ళతో ఫారాలు తయారుచేసి, ఒక్కో గడికి పదికి ఎన్ని మార్కులో చెప్పమన్నాను. పెద్దమ్మ ఫారం తిప్పి చూసి, "ఇవన్నీ రాయడం మావల్ల కాదుగానీ, నువ్వడుగు, మేం చెబుతాం, నువ్వే రాసుకో" అంది.

అక్కడే నేను బోల్తా పడ్డాను. నాలుగు రోజులు నాలుగు సినిమాల లెక్కలు రాసుకుని చూసుకుంటే (మూడు గళ్ళకీ కలిపి వాళ్ళు ఒకే అంకె చెప్పేవాళ్ళు), తనని ప్రేమించకపోతే నీళ్ళ ట్యాంకు ఎక్కి దూకుతానని హీరోయిన్ని బెదిరించి ఒప్పించినవాడికి ఆరు మార్కులొచ్చాయి. హీరోయిన్ తల్లిని ఆసుపత్రిలో చేర్చి, బయట బెంచీ మీద కూర్చుని, మందులు తెచ్చిచ్చి, ఒక్క పాటన్నా లేకుండా సెకండాఫులో మాయమైపోయిన గుమస్తాకి ఒకటే మార్కు! నా రక్తం మరిగిపోయింది. "మీరంతా ఆడవాళ్ళేనా? ఆ రౌడీకి ఆరు, ఇంత మంచివాడికి ఒకటా?" అని అరిచాను. పెద్దమ్మ పట్టకారు కింద పెట్టి నన్ను జాలిగా చూసింది. "ఒకటంటే ఏడాదే పిచ్చిమొహమా! గుమస్తాకి ఏడాది గ్యారంటీ. మన బజార్లో ఏడాదికి మించి ఎవరు రాసిస్తారే? ఆ ట్యాంకు ఎక్కినవాడికి ఆర్నెల్లే. అదన్నా నీ చదువు పాడవుతుందేమోనని కాస్త ఎక్కువేసి చెప్పాను" అంది. నేను పదికి అడుగుతుంటే వాళ్ళు నాలుగు రోజులుగా వస్తువుకి గ్యారంటీ చెబుతున్నారన్నమాట. చర్చి అత్త అందుకుని, "ఆర్నెల్లు కూడా దండగ వదినా. ఆ పిల్లనొక్క మాట మాట్లాడనిచ్చాడా వాడు? పైపూత. చెమట తగిలితే నలుపెక్కిపోతాడు" అంది. దగ్గరతనం అన్న గడి గురించి నేను పది పేజీలు రాశాను, ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది. ఆ రోజు నుంచి మార్కులు కొట్టేసి, నాలుగో గడి గీసి, పైన గ్యారంటీ అని రాశాను.

ఇదిలా ఉండగా నా సొంత సినిమా ఒకటి మొదలైంది. గుడివాడ బస్సులో రోజూ పెడన దగ్గర ఒకబ్బాయి ఎక్కేవాడు. సీట్లు ఖాళీగా ఉన్నా ఫుట్‌బోర్డు మీదే నిలబడి, జుట్టు గాలికి ఎగిరేలా తల వంచి నన్నే చూసేవాడు. గుడివాడలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పని. మా స్నేహితురాళ్ళు అతనికి ఫుట్‌బోర్డు అనే పేరు పెట్టారు. నేను దిగితే దిగేవాడు, ఎక్కితే ఎక్కేవాడు, కాలేజీ గేటు దాకా పది అడుగుల దూరంలో వచ్చేవాడు. మూడు నెలలు ఇలా గడిచాక ఒక సాయంత్రం బస్సు నిండా జనం ఉండగా చొక్కా చేతి మడత పైకి లాగి, మోచేతి కింద పచ్చబొట్టు పొడిపించుకున్న నా పేరు చూపించాడు. కండక్టరు చప్పట్లు కొట్టాడు. వెనక సీట్లో ఒకావిడ "ఒప్పుకోమ్మా, పాపం, ఎంత ప్రేమో!" అని కళ్ళొత్తుకుంది. నేను ఏం చేశానంటారా? మూడు సిద్ధాంతాలు చదివిన విద్వాంసురాలిని, తల వంచుకుని కిటికీలోంచి గుడ్లవల్లేరు పొలాలు చూస్తూ కూర్చున్నాను.

బస్సు కన్నా ముందే కబురు ఇంటికి చేరింది. నాన్న లారీ మీద వెళ్ళేవాడు, వారానికోసారి వస్తే గొప్ప, కాబట్టి ఇంట్లో తీర్పులన్నీ అమ్మవే. నేను చెప్పులు విడవకముందే, "రేపట్నించి కాలేజీకి వెళ్ళక్కర్లేదు" అంది. "నేనేం చేశానమ్మా?" అంటే, "నువ్వేం చెయ్యలేదే. ఊరు నోరు మూయించడం నావల్ల కాదు. ఆ అబ్బాయి తరఫు వాళ్ళు ఆదివారం వస్తామని కబురు పెట్టారు. కుర్రాడు మంచివాడేనట, అంత ప్రేమగా ఉన్నవాడు బాగానే చూసుకుంటాడు" అంది. పరీక్షలకి రెండు నెలలుంది. ప్రాజెక్టు సగంలో ఉంది. తెరమీద అలాంటివాడికి ఆర్నెల్లకి మించి ఇవ్వని మా ముందుగదే, వాడు వీధిలోకొచ్చేసరికి జీవితాంతం గ్యారంటీ రాసిచ్చేలా ఉంది. ఏడుపు రాలేదు నాకు, ఒళ్ళు మండింది. ఆ రాత్రి అన్నం తినకుండా కూర్చుని కొత్త ఫారం ఒకటి రాశాను. "రానీ అమ్మా. వాళ్ళు నన్ను చూసుకున్నాక, నేనూ కాస్త చూసుకుంటాను" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఫుట్‌బోర్డు తెల్లచొక్కా వేసుకుని, అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన వాళ్ళ మావయ్యతో దిగాడు. మావయ్య భుజాన అరటిగెల. ముహూర్తాల రోజులు కాబట్టి మా ఇంట్లో పని ఆగలేదు, నలుగురూ చాప మీదే ఉన్నారు. మావయ్య గెల గోడకి ఆనించి, "అమ్మాయిని చూసిన దగ్గర్నించి మావాడు అన్నం మానేశాడండీ" అన్నాడు. పెద్దమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, "మానేసినవాడిలా లేడండీ" అంది. నేను కాఫీలు ఇచ్చి, అదే పళ్ళెంలో ఫారం, పెన్నూ పెట్టి ఫుట్‌బోర్డు ముందుంచాను. అయిదే ప్రశ్నలు. ఈమె ఏం చదువుతోంది? ఈమెకి కోపం ఎప్పుడొస్తుంది? ఈమె మీతో చివరగా ఏం మాట్లాడింది? ఈమె కాదంటే మీరేం చేస్తారు? పెళ్ళయిన ఏడాదికి, ఒక మామూలు మధ్యాహ్నం, మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటూ ఉంటారు?

మావయ్య కాఫీ గ్లాసు టక్కున పెట్టాడు. "ఇదెక్కడి చోద్యమండీ? మగపిల్లాడికి పరీక్ష పెట్టడమేంటి?" అన్నాడు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ముందు పరీక్ష పెట్టింది మీవాడేనండీ. బస్సులో అందరి ముందూ చెయ్యి చూపించి, జవాబు చెప్పమని నిలబెట్టాడు. నేను చెప్పకపోతే నా చదువు మానిపించారు. నాది బస్సు నిండా జనం చూశారు, ఆయనది ఈ గదిలో నలుగురే చూస్తారు" అన్నాను. అమ్మ తలెత్తి నా వంక చూసింది.

పాపం, రాశాడు. ఎగతాళికి కాదు, నిజంగానే పాపం. నాలుక కొరుక్కుంటూ, చెమటలు తుడుచుకుంటూ రాశాడు. మొదటి దానికి బీయెడ్డు అని రాశాడు. రెండోది ఖాళీ వదిలేసి, "ఏ రోజు ఏ రంగు చున్నీ వేసుకుంటారో అడగండి, సోమవారం నుంచి శనివారం దాకా చెబుతాను" అన్నాడు. మూడోదానికి రాసింది పెద్దమ్మ పైకి చదివింది: "'కాస్త జరగండి' అన్నారు." నిజమే, మూడు నెలల్లో నేనతనితో మాట్లాడింది ఆ రెండు మాటలే, ఫుట్‌బోర్డు దగ్గర. చర్చి అత్త కోడలు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగోదానికి ట్యాంకు ఎక్కుతాను అని రాసి, మమ్మల్నందర్నీ ఓసారి చూసి, కొట్టేశాడు. అయిదోది దగ్గర పెన్ను ఆగిపోయింది. "తెలీదండీ" అన్నాడు. "సినిమాలో అంతవరకూ చూపించరు కదండీ."

నా ప్రాజెక్టు మొత్తం మీద అంత నిజమైన వాక్యం ఇంకొకటి లేదు. నేను ఎవరి మీద యుద్ధానికి బయల్దేరానో, ఆ సినిమాలు అతన్ని కూడా నాలాగే మోసం చేశాయి. వెంటపడటం నేర్పాయి, పక్కన కూర్చోవడం నేర్పలేదు. నాకు అతని మీద జాలేసింది. జాలేసినంత మాత్రాన పెళ్ళి చేసుకుంటారా అని వెంటనే నన్ను నేనే గదమాయించుకున్నాను.

పెద్దమ్మ ఫారం మడిచి అతని చేతికిచ్చి, "బాబూ, నీ లోహం చెడ్డది కాదు. పనివాళ్ళే నీ మీద తొందరపడి పూత పూశారు. దీనికి మేం గ్యారంటీ రాయలేం నాయనా" అంది. అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ చేతిలో ఉన్న గొలుసు చివరి లింకు నొక్కి, దారం చుట్టి పక్కన పెట్టింది. తర్వాత అతని కళ్ళలోకి సూటిగా చూసి, "అబ్బాయీ, రేపు మా అమ్మాయి కాలేజీకి వెళ్తుంది. ఎనిమిదింటి బస్సెక్కుతుంది. నువ్వు దాని తర్వాత బస్సెక్కు" అంది. అతను తలూపాడు. మర్నాటి నుంచి పెడన దగ్గర ఎక్కలేదు. (అరటిగెల మాత్రం తీసుకెళ్ళడం మర్చిపోయారు. వారం రోజులు వీధంతా పళ్ళు తిన్నాం.)

ప్రాజెక్టు చూసి రిఫరెన్స్ మాస్టారు, గ్యారంటీ గడి తీసేయమన్నారు. "దీనికి రిఫరెన్స్ ఏదమ్మా?" అన్నారు. "మా పెద్దమ్మండీ" అన్నాను. తీసేస్తే ఫస్టుక్లాసు, ఉంచితే చెప్పలేనన్నారు. ఉంచాను. ఫస్టుక్లాసు పోయింది. పోతే పోయింది, అప్పటికీ ఇప్పటికీ ఆ ప్రాజెక్టులో పనికొచ్చే గడి అదొక్కటే.

ఇప్పుడు గుడివాడలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సినిమాలో రైలు కదిలితే నాకూ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, పక్కనుండి మా ఆయన "ఏ సిద్ధాంతం ప్రకారం ఏడుస్తున్నావు?" అని ఏడిపిస్తాడు. ఆయన్ని నేనే ఇష్టపడి చేసుకున్నాను, మా అమ్మకి నేనే చెప్పాను. ఫుట్‌బోర్డు కథ విన్న రోజు ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "మరి నాకెందుకివ్వలేదు ఆ ఫారం?" అన్నాడు. నిజానికి పెళ్ళికి ముందు ఒకసారి ఫారం రాసుకుని, బ్యాగులో పెట్టుకుని, ఆయన్ని కలవడానికి బందరు బస్టాండుకి వెళ్ళాను. రెండు గంటలు కూర్చుని మాట్లాడుకున్నాం, ఫారం బయటికి తియ్యలేదు. ఆ కుర్రాడు ఏం రాసినా నాకు పోయేదేమీ లేదు, ఈయన ఒక్క గడి ఖాళీగా వదిలేస్తే తట్టుకోలేనని భయమేసింది. అందరికీ ఫారాలు పంచిన ఆ మొండి పిల్ల, ఆ పూట ఒక కాగితాన్ని బ్యాగు అడుగున దాచుకుని బస్సెక్కి ఇంటికొచ్చేసింది.