బాగానే ఉందండీ

నేను చేసిన బేరాలన్నిటిలోకీ గొప్పది చెబుతాను. ఒక్క చెడ్డ మాట అనకుండా ఒకమ్మాయి సంగీతాన్ని వేదిక ఎక్కనివ్వలేదు. ఆ తెలివి ఇన్నేళ్లుగా నా వీపు మీద బియ్యం బస్తాలా ఉంది. మీ ముందు దించుతున్నాను.

మాది తెనాలిలో కిరాణా కొట్టు. పక్క కొట్టు సరుకును తిట్టకూడదని నాన్న నేర్పాడు. కొనేవాడు తెచ్చి చూపిస్తే చేతిలోకి తీసుకోవాలి, వాసన చూడాలి, "బాగానే ఉందండీ" అంటూ మెల్లగా కింద పెట్టాలి. కొనేవాడే వెనక్కి తగ్గుతాడు.

తొంభైల్లో, ఢిల్లీలో, నేనూ వసంతా ఒకే మాస్టారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నాం. నాది అచ్చంగా చెప్పిన పాఠం. ఆమె ఇంటి పక్కన గురుద్వారా, రోజూ కీర్తనలు వినపడేవి. గురువారాలు దర్గాలో ఖవ్వాలీ వినేది. మోహన రాగం ఎత్తుకుంటే ఆ గొంతులన్నీ అందులో పలికేవి, అయినా రాగం చెడేది కాదు. ఎలా? లక్ష్మీ నగర్‌లో నా గది తలుపేసుకుని నేనూ ప్రయత్నించాను. నా కమాను కింద అది అరువు చొక్కాలా వేలాడింది. ఏడుపొచ్చింది. కడుపుమంట అంటారే, అది నిజంగా కడుపులోనే ఉంటుంది.

అక్కడి తెలుగు సంఘం ఉగాది కచేరీకి ఏటా ఒక్కరినే పిలిచేది. కార్యదర్శి వసంత కేసెట్ విని నా చేతిలో పెట్టాడు.

"ఏమోయ్, ఈ అమ్మాయిని పెట్టేద్దామా?"

"బాగానే ఉందండీ," అన్నాను. కేసెట్‌ను తిప్పి చూసి, "సంప్రదాయం తెలిసిన పెద్దవాళ్లు వస్తారు కదా..." అంటూ మెల్లగా బల్ల మీద పెట్టాను.

అబద్ధమా? కాదే! ఆ సమర్థింపుతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను.

వేదిక నాకు దక్కింది. కచేరీ అయ్యాక వసంత దగ్గరికొచ్చింది.

"నా గురించి నిన్నడిగారటగా. ఏం చెప్పావ్?"

"బాగుందనే చెప్పాను."

"నాకు తెలుసు రా. థాంక్స్."

సంఘమే వద్దన్నాక ఇంకెవరు వింటారని వాళ్ల నాన్న పాఠం మాన్పించాడు. ఆమె ఫరీదాబాద్‌లో ఏదో ఫ్యాక్టరీ ఆఫీసులో చేరింది. వయొలిన్ మళ్లీ ముట్టుకోలేదని విన్నాను. వెళ్లి నిజం చెప్పొచ్చుగా? చెప్పలేదు.

ఇక లెక్క. నాకు ముట్టింది ఒక శాలువా, ఒక సాయంత్రం చప్పట్లు, నేను సంపాదించని ఆ థాంక్స్. ఏళ్ల సాధనతో ఆ పలుకు నాకూ కాస్త పట్టుబడింది; ఇప్పుడు నా మోహనలో ఖవ్వాలీ ఛాయ ఉందని ఎవరైనా మెచ్చుకుంటే తల ఊపుతాను. అదీ ఆమె సరుకే. ఆమెకు పోయింది వయొలిన్. నేను జమ కట్టింది ఈ నాలుగు మాటలు. బాకీ తీరలేదు. బస్తా మాత్రం దిగింది.