నేను వెనక్కి తోసిన కార్డు

నా కూతురు పిడికిలి విప్పి కార్డు చూపించిన క్షణంలోనే నాకు భయం పట్టుకుంది. కాసేపటి కింద నేను పళ్లెంలోకి తిరిగి తోసేసిన కార్డే అది. మూల కొంచెం మడత పడి ఉంది. ఆ మడత నా వేళ్లది.

పెనుకొండలో మా అత్తగారి చర్చిలో డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డులు పంచుతారు. ఒక్కో కార్డు మీద ఒక బైబిలు వచనం. స్టీలు పళ్లెంలో వాటిని బోర్లించి పెడతారు. వరుసలో వెళ్లి, కళ్లు మూసుకుని, చేతికి తగిలినది తీసుకోవాలి. ఆ ఏడాదంతటికీ అది దేవుడు మనకిచ్చిన మాట. కొందరు బీరువా తలుపుకు అంటించుకుంటారు, కొందరు బైబిల్లో దాచుకుంటారు. వచ్చింది నచ్చలేదని మార్చుకోవడం ఎక్కడా లేదు. ఎవరూ మార్చరు కాబట్టి మార్చకూడదని ఎవరూ చెప్పనూ లేదు.

నేను మార్చాను. అప్పుడు నాకు మూడో నెల. దుఃఖించేవాళ్లను దేవుడు ఓదారుస్తాడనే వచనం నా చేతికి వచ్చింది. నా కళ్లు దుఃఖం అన్న మాట దగ్గరే ఆగిపోయాయి, ఓదార్పు దాకా పోలేదు. ఎమ్మెస్సీ చదివినదాన్ని. జాతకాలు చూపించుకునేవాళ్లను చూసి నవ్వుకున్నదాన్ని. అయినా ఆ కార్డును మిగతావాటి అడుగుకు తోసి ఇంకోటి తీశాను. అందులో దీర్ఘాయువు ఉంది.

వెనకే నిలబడిన అత్త చూసింది.

"ఏం పాపా, దేవుని మాటల్ని వంకాయలు ఏరినట్ల ఏరుతాండావే?" అంది నవ్వుతూ.

"చెయ్యి జారింది అత్తా," అన్నాను.

చివరగా సండే స్కూలు పిల్లలు తీసుకున్నారు. రెండో తరగతి చదివే నా కూతురు అక్షరం అక్షరం కూడబలుక్కుని తన కార్డు నాకు చదివి వినిపించింది. నేను వద్దనుకున్న దుఃఖం నా బిడ్డ అరచేతిలోకి పోయి కూర్చుంది.

ఆ రాత్రి పిల్లలు నిద్రపోయాక, పాప చిన్న బైబిల్లోంచి ఆ కార్డు తీసి నా దీర్ఘాయువు కార్డు పెట్టాను. వచ్చేదేదో నాకే రానీ అనుకున్నాను. అది తల్లి ప్రేమ అని నాకు నేనే చెప్పుకున్నాను. మరుసటి రోజు మా ఇంటికి, హిందూపురానికి తిరిగొచ్చే రైల్లో పాప బైబిలు తెరిచింది.

"మా, ఇది నాది కాదు."

"నీదే."

"నాదాంట్లో ఓదార్పు అని ఉండాది. నేను చదివినా కదా."

"నిద్రమత్తులో చదివింటావు."

"అక్కకు చదవనే రాదు," అన్నాడు నాలుగేళ్ల చిన్నోడు. పాప వాణ్ని కొట్టలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దేవుని మాట విషయంలో నా బిడ్డకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

ఆ తరువాత నెలల్లో పాపకు జలుబు చేస్తే నాకు నిద్ర ఉండేది కాదు. స్కూలువాళ్లు లేపాక్షి తీసుకుపోతామంటే పంపలేదు. మోకాళ్ల మీద కూర్చునేదాన్ని గానీ, అది ప్రార్థన కాదు. ఇది జరగనివ్వొద్దు, ఇది చెయ్యి అని దేవుడికి పనులు చెప్పడం. కార్డు మార్చిన సంగతి మాత్రం ఎత్తలేదు. చెప్పకపోతే ఆయనకు తెలియదన్నట్టు.

మార్చి నెలాఖరులో, పిల్లలను వాళ్ల నాన్న దగ్గర వదిలి, అమ్మను చూడడానికి ధర్మవరం వెళ్లాను. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. అంతకు ముందు వెళ్లినప్పుడు మగ్గం చప్పుడుకు కడుపులో బిడ్డ కదిలేది. మొదటి రోజూ కదిలింది. రెండో రోజు పొద్దున మగ్గం పక్కన ఎంతసేపు కూర్చున్నా కదలలేదు.

"ఏమ్మా, అట్ల కూచున్యావు?" అన్నాడు నాయన, నేయడం ఆపి.

"ఆపొద్దు నాయనా. ఇంకొంచేపు నెయ్యి."

నాయన మధ్యాహ్నం దాకా, కాఫీకి కూడా లేవకుండా నేశాడు. ఆ తరువాత అమ్మ నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది. స్కాన్ చేసే డాక్టరమ్మ తెరను మెల్లగా తన వైపుకు తిప్పుకుంది. ఆమె నోరు తెరవక ముందే నాకు తెలిసిపోయింది.

ఆడపిల్ల. ఊపిరి లేకుండానే పుట్టింది. నా భర్త మా పిల్లలను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చాడు. బిడ్డను పెనుకొండకు తీసుకుపోయి చర్చి సమాధుల తోటలో పెట్టాడు. నన్ను పోనివ్వలేదు. తిరిగొచ్చాక, "మీ నాయన తువ్వాలిచ్చినాడు. దాంట్లోనే చుట్టినాము," అన్నాడు.

నాకు తోడుగా వచ్చిన అత్త మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తూ ఉంది. అప్పుడు చెప్పేశాను. కార్డు మార్చింది, పాప కార్డు దొంగిలించింది, అబద్ధం చెప్పింది.

"దేవునికి కోపమొచ్చింది అత్తా. అందుకే."

"నువ్వు మార్చింది నేను చూసినా కదా. ఒక అట్టముక్కకు పసిబిడ్డను తీసుకునేంత చిన్నోడా ఆయప్ప?"

"మరి ఎందుకు?"

"నాకు తెలీదు పాపా. తెలుసని చెప్పేవాళ్లు వస్తారు, వాళ్ల మాట పట్టుకోవద్దు." తొక్కలు పక్కన పెట్టి అడిగింది. "ఆ కార్డు ఇప్పుడు యాడుండాది?"

"నా బైబిల్లో."

"మొదట ఎవరి చేతికొచ్చింది?"

"నాకే."

అత్త ఒక తొన నా చేతిలో పెట్టింది.

నేను ఒకసారి వెనక్కి తోశాను. అది నా బిడ్డ చేతికి పోతే దొంగతనంగా లాక్కున్నాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. నా భయమే, నా అబద్ధమే ఆ మాటను మోసుకొచ్చి నా బైబిల్లో పెట్టాయి. నేను ఎదురుతిరిగినదంతా ఆయన మొదట చెప్పినచోటికే వచ్చి ఆగింది. నేను పారిపోతున్నప్పుడు కూడా ఆయన నన్ను ఓదార్చాలనే చూస్తున్నాడు. దుఃఖం ముందే తెలిసి, దానికంటే ముందే మాట పంపాడు. నేను సగమే చదివాను.

ఇది తెలిసినంత మాత్రాన కడుపు నిండలేదు. ఇల్లంతా నిద్రపోయాక ఇది రాస్తున్న ఈ రాత్రికి కూడా, మగ్గం చప్పుడు గుర్తొస్తే నా చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోతుంది.

ఆసుపత్రి నుంచి హిందూపురం ఇంటికి రాత్రి పొద్దుపోయాక చేరాం. పక్కింట్లో పిల్లలు అప్పటికే నిద్రపోయారు. మరుసటి పొద్దున ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టుకుని, చెల్లి ఇంక రాదని, పెనుకొండలో పడుకోబెట్టామని చెప్పాను. కార్డు తీసి పాప చేతికిచ్చాను.

"ఆ పొద్దు నువ్వు సరిగ్గానే చదివినావు. నేనే అబద్ధం చెప్పినా. ఇది ముందు నాకొచ్చింది, భయపడి తోసేసినా. నీకొస్తే మార్చేసినా. తప్పు నాది."

పాప ఆ కార్డును మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడా ఆగకుండా చదివింది. తిరిగి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వే పెట్టుకో మా."

"చెల్లికి ఏ కార్డు వచ్చింది?" అన్నాడు చిన్నోడు.

"చెల్లి పళ్లెం దాకా రాలేదు నాయనా," అన్నాను. "దేవుడు తనే ఎత్తుకున్యాడు. ఎందుకో అమ్మకు తెలీదు. ఆయన్ను అడుగుతానే ఉంటా, ఏడుస్తానే ఉంటా. కానీ ఆయనిచ్చింది ఇంకెప్పుడూ వెనక్కి తోయను."