థర్మకోల్ పేరు

ఈవెంట్ల పని మొదలుపెట్టాక అది నా తొలి పెళ్లి. స్టేజికి అతికించాల్సిన పెళ్లికూతురి పేరు తాలూకు థర్మకోల్ అక్షరాలను ఒళ్లో పెట్టుకుని కావలి బస్సెక్కాను. పక్కసీటు పెద్దాయన ఆ పేరు చదివి, "ఏ మండపమమ్మా? ముహూర్తం ఎన్నింటికి?" అని ఆరా తీశాడు. నా బేరం తన్నుకుపోయే డెకరేటరేమోనని చున్నీతో అక్షరాలు కప్పేసి, "పెళ్లి కాదు, పుట్టినరోజు" అన్నాను.

దిగబోతూ ఆయన, "ఆ పేరు నేనే పెట్టినాను తల్లీ. వంకర లేకుండా అతికించు," అన్నాడు.

నమ్మలేదు. మండపం వాచ్‌మన్‌కి ఆయన ఆనవాళ్లు కూడా చెప్పి ఉంచాను. ఆయన రాలేదు.

కన్యాదానానికి పీటల మీద మేనమామ దంపతులు కూర్చున్నారు. పెళ్లికూతురి తల్లి, నుదుట కుంకుమతో, మెడలో తాళితో, పక్కన నిలబడి ఉంది.

ఇప్పుడు నా దగ్గర పనివాళ్లున్నారు. స్టేజి మీద పేరు మాత్రం నేనే అతికిస్తాను.