నల్లదేవుడి ముఖం మీది పట్టుగుడ్డ

2022 వేసవి. ఆత్మకూరు బస్టాండు దగ్గర నా ఫొటోఫ్రేముల షాపులో కూర్చుని పెళ్ళిఫొటోలకు బీడింగ్ కోస్తున్నాను. బీడింగ్ అంటే ఫ్రేముకు నాలుగు పక్కలా వేసే చెక్కపట్టీ. కోతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మూలలో సందు పడుతుంది. అందుకే ఆ పని మీద ఉండగా ఎవరు పలకరించినా నాకు ఒళ్ళు మండుతుంది. సరిగ్గా అప్పుడే వచ్చాడు మాలకొండయ్య. వరికుంటపాడు దగ్గర ఒక పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం. సైన్యంలో చేరి చాలా ఏళ్ళు లడఖ్ కొండల్లో పనిచేసి, ఆ మధ్యే రిటైరై వచ్చాడట. పెద్ద మీసం, అంతకంటే పెద్ద గొంతు. వెంట ఎనిమిదేళ్ళ కూతురు హారిక. తండ్రి లోపలికి వచ్చినా ఆ పిల్ల మెట్టు దగ్గరే ఆగిపోయింది.

చుట్టి తెచ్చిన గుడ్డను బల్ల మీద పరిచాడు. థాంకా అంటారట, బౌద్ధులు గుడ్డ మీద వేసే దేవుడి బొమ్మ. నల్లటి ఒళ్ళు, మూడు కళ్ళు, కోరలు, తల మీద పుర్రెల కిరీటం, చుట్టూ మంటలు. పేరు మహాకాలుడు. నరసింహస్వామికీ, కాలభైరవుడికీ, అంకమ్మకీ ఫ్రేములు కట్టినవాణ్ణి, కోరలు నాకు కొత్త కాదు. అయినా ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మాలకొండయ్య ఫ్రేము కోసం రాలేదు. ఆ బొమ్మను గోడకు తగిలించిన రోజు నుంచీ హారిక ఇంట్లో పడుకోవడం మానేసి, పక్కింట్లో ఉండే అవ్వ దగ్గరికి పోతోందట. తండ్రి కూడా ఆ పిల్లకు సగం కొత్తే. సెలవులకు వచ్చిపోయే మనిషి ఉన్నట్టుండి ఇంట్లో ఉండిపోయాడు. గట్టిగా పిలిస్తే తల్లి వెనక దాక్కుంటుంది. ముందు ఆ బొమ్మ తీసెయ్యమని భార్య తేల్చి చెప్పింది.

"నీ షాపులో పెట్టుకో అన్నా. పారెయ్యలేను. కొండ మీద పైపోస్టుకు కాపలాకి ఎక్కే ముందర దీనికి దండం పెట్టుకోని పోయేవాళ్ళం. వచ్చేటప్పుడు ఆడి గుళ్ళో సన్యాసి, లామా అంటారు, ఆయన ఇచ్చినాడు" అన్నాడు.

బొమ్మ పైఅంచున పసుపు పట్టుగుడ్డ ఒకటి మడిచి దారంతో కట్టి ఉంది. అదేమిటని అడిగాను. ఆ గుడిలో ఇలాంటి దేవుళ్ళ ముఖం ఏడాది పొడుగునా గుడ్డతో కప్పి ఉంచుతారట, పండగకే తీస్తారట. ఇంటికి తెచ్చుకున్నాక దాచడమెందుకని తనే పైకి కట్టేశాడు. నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. వాళ్ళు జాగ్రత్తగా కప్పి ఇచ్చిన ముఖాన్ని ఈ మహానుభావుడు మొదటిరోజే పిల్ల ఎదుట బార్లా తెరిచిపెట్టాడు. ఆ మాటే అన్నాను. మిలిటరీ మనిషి తల దించుకున్నాడు.

అప్పుడు మెట్టు మీంచి హారిక అంది, "కప్పితే ఆయనకి ఊపిరాడదేమో."

మాలకొండయ్య గట్టిగా ఏదో అనబోయి మింగేశాడు. నేల మీద కూర్చుని, గొంతు తగ్గించి, లామా చెప్పింది చెప్పుకొచ్చాడు. ఆ కొండల్లో జనాన్ని పీడించే భూతాలు ఉండేవట. ఒక గురువు వచ్చి, వాటిని చంపకుండా లొంగదీసి, ఇకమీదట ధర్మానికి కాపలా కాస్తామని ఒట్టు వేయించుకున్నాడట. కాపలాదేవుళ్ళలో కొందరు అలా వచ్చినవాళ్ళే. మహాకాలుడి సంగతి వేరు. అందరి ఏడుపూ వినే దయామయుడు అవలోకితేశ్వరుడే, మెత్తగా చెబితే తొలగని ఆపదల కోసం ఈ రూపం ఎత్తాడట. ఆ అయిదు పుర్రెలూ మనిషి లోపలి కోపం, ఆశ, గర్వం లాంటి అయిదు విషాలు. వాటిని గెలిచి జ్ఞానంగా మార్చుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

అంతా విని ఆ పిల్ల, "దయ ఉంటే నవ్వొచ్చు గదా" అంది.  

బొమ్మను షాపులో ఉంచుకోనని, ఫ్రేము కట్టి ఇస్తానని చెప్పి పంపాను. థాంకాను జిగురుతో అతికిస్తే పాడైపోతుంది. మౌంట్ బోర్డు అనే మందపాటి అట్టకు దారంతో కుట్టాను. రంగుకు అద్దం తగలకుండా మధ్యలో స్పేసర్, అంటే సన్నటి పట్టీ, పెట్టాను. పట్టుగుడ్డను మాత్రం అద్దం బయట ఇత్తడి కడ్డీకి, బొమ్మంతా కప్పేలా పరదాగా వేలాడదీశాను.

అద్దం పగులుతుందని సాకు చెప్పి నేనే తీసుకుపోయాను, కలిగిరి మీదుగా బస్సులో, ఒళ్ళో పెట్టుకుని. నిజానికి ఆ పిల్ల ఏం చేస్తుందో చూడాలని నా ఆరాటం. మాలకొండయ్య తన కంటి ఎత్తున గోడ మీద గుర్తు పెట్టి ఉంచాడు. నేను వినలేదు. హారిక చెయ్యి అందేంత కిందికి మేకు కొట్టాను. దేవుణ్ణి ఇంత కిందనా అని అవ్వ గొణిగింది. ఆ గుడ్డ హారిక తప్ప ఎవరూ ఎత్తకూడదని కూడా చెప్పాను. వాళ్ళింట్లో ఆజ్ఞలిచ్చే హక్కు ఫ్రేములవాడికి ఎక్కడిదో నాకే తెలియదు.

హారిక గుడ్డ అంచు పట్టుకుని పాదాల వరకు ఎత్తి దించేసింది. కాసేపాగి నడుము దాకా ఎత్తింది. ఆ తర్వాత మొత్తం ఎత్తేసింది.  గుడ్డ వదలకుండానే ఒకసారి ఈ పక్కకీ, ఒకసారి ఆ పక్కకీ జరిగి ఆ కళ్ళలోకి చూసింది.

"ఆయన కోపం మన మీద కాదు నాయనా. మన ఎనకాల ఏందో వస్తా ఉండాది, దాన్ని చూస్తా ఉండాడు" అంది.

అలా అంటూనే గుడ్డ వదిలి, వెనక్కి ఒక అడుగు వేసి తండ్రి కాళ్ళకు ఆనుకుని నిలబడింది. కూతురి తల మీద చెయ్యి వెయ్యడానికి ఆ మనిషి ఎంత తటపటాయించాడో చూశాను. వేశాడు. పిల్ల తప్పుకోలేదు. నేను సుత్తి సంచిలో సర్దుకునే వంకతో ముఖం తిప్పుకున్నాను.

ఇన్నేళ్ళూ బొమ్మను అందరికీ బాగా కనబడేలా చెయ్యడమే నా పని అనుకున్నాను. ఎప్పుడు చూడాలో, ఎంత చూడాలో చూసేవాళ్ళ చేతికి వదిలెయ్యడం కూడా ఈ పనిలో ఉందని ఆ ఇంట్లో తెలిసింది. అదే ఆలోచించుకుంటూ బస్సుకని బయల్దేరుతుంటే, అవ్వ ఇంట్లోంచి హారిక ఎదురొచ్చింది, తన దిండూ దుప్పటీ రెండు చేతులా మోసుకుంటూ.