తాళం పడిన రోజు బల్ల మీద ఉన్నవాడు

దోహాలో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ముగిసిన మరుసటి ఏడాది మా క్లీనింగ్ కంపెనీ నన్ను ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బుకు పంపింది. హోదా లాండ్రీ అటెండెంట్. మా ఆయన పోయాక చాలా ఏళ్ళు అరబ్బుల ఇళ్ళల్లో వంట చేసినదాన్ని. ఆటలాడి జీతం తీసుకునే మనుషుల్ని చూడడం అదే మొదలు. నాకు సంతకం వరకే వచ్చు. ఇది కూడా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. అయితే అంకెలు తెలుసు, ఆ గదికి అంకెలే చాలు. ఒక్కో ఆటగాడికీ అంకె కుట్టిన పట్టీ ఒకటి ఉంటుంది. ఆట అయ్యాక బనీను, నిక్కరు, మేజోళ్ళు దానికే గుచ్చి పడేస్తాడు. ఉతికేదీ ఆరేసేదీ పట్టీతోనే. ఒకడి మేజోడు ఇంకొకడికి పోదు.

ఆ వేసవిలో కొత్త ఒప్పందం దగ్గర చెడింది. సెలవుల్లో వేరే జట్టుకు ఆడకూడదని క్లబ్బు షరతు పెట్టింది. ఆటగాళ్ళందరూ కలిసి కుదరదన్నారు. ఒక ఉదయం వాళ్ళ కార్డులకు గేటు తెరుచుకోలేదు. దీన్ని లాకౌట్ అంటారు. సమ్మెలో పనివాడు రానంటాడు. లాకౌట్‌లో యజమాని రానివ్వడు. హాలు, బరువుల గది, వైద్యం గది అన్నీ మూశారు. ఏసీ మాత్రం ఆపలేదు, ఆపితే చెక్క నేల ఉబ్బుతుంది. మనిషి లేని హాలు ఎండాకాలమంతా చల్లగానే ఉంది. నా గదిలో పట్టీలు కొక్కేలకు ఖాళీగా వేలాడాయి.

మా సూపర్‌వైజర్ ఖలీల్ భాయ్‌ది నిజామాబాద్. క్లబ్బు ఆర్డరు ఆయనే వచ్చి చెప్పాడు.

"అమ్మా, ప్లేయర్లు బయట కనవడ్డా మాట్లాడొద్దంట. మాఫీ సలాం, మాఫీ కలాం, సలాం లేదు, మాట లేదు. క్లబ్బోల్లకే గాదు, మనకు గూడ."

"ఎదురుపడితే ఏం జెయ్యాలబ్బా? మొగాన తువ్వాలు కప్పుకోవల్లనా?"

"కప్పుకో. గని నౌక్రి పోతే నన్నడగొద్దు."

కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళకు ఏజెంట్లు వేరే దేశాల్లో జట్లు వెతికారు. కొందరు విమానం ఎక్కారు, కొందరు ఉండిపోయారు. మూసా ఎటూ పోలేకపోయాడు. సెనెగల్ అబ్బాయి, తాటిచెట్టంత మనిషి. నన్ను మమ్మా అనేవాడు. మోకాలికి ఆపరేషన్ అయింది, వైద్యం గది బల్ల మీద కేరళ ఫిజియోథెరపిస్టు షీబా రోజూ చేసే వైద్యం సగంలో ఉంది. గేటు తెరిచిన రోజు డాక్టరు అందర్నీ పరీక్షిస్తాడు, మోకాలు నిలవకపోతే అతనికి ఒప్పందం లేదు, ఆట లేదు. షీబా క్లబ్బు ఉద్యోగి కాబట్టి అతనికి ఫోను కూడా చేయకూడదు.

ఒకరోజు షీబా నా గదికి వచ్చింది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి కింద పరిచి, దాని మీద ఒంటికాలితో కళ్ళు మూసుకుని నిలబడింది. మూసా ఇలా తొణక్కుండా నిలిచేవరకూ దూకకూడదని, దూకితే లోపల వేసిన కట్టు తెగుతుందని హిందీలో చెప్పింది. ఎవరికి చెప్పమనీ అనలేదు. తువ్వాలు నా చేతిలో పెట్టి పోయింది.

ఇండస్ట్రియల్ ఏరియాలో మా తమ్ముడు ఉండే కార్మికుల క్యాంపు పక్కన సిమెంటు కోర్టు ఉంది. శుక్రవారాలు అక్కడ ఫిలిప్పీన్స్ కార్మికులు ఆడతారు. తాళం పడ్డాక మా ఆటగాళ్ళూ అక్కడికే చేరారు. ఆ శుక్రవారం తమ్ముడికి కూర తీసుకుపోయాను, సంచిలో తువ్వాలు కూడా ఉంది. మూసా బూట్ల తాళ్ళు బిగిస్తున్నాడు. "దూకు, దూకు" అని చుట్టూ కేకలు.

నేను సలాం చెప్పలేదు, మాట్లాడలేదు. అతని ముందు తువ్వాలు పరిచి ఒంటికాలు మీద నిలబడ్డాను.

కోర్టంతా గొల్లున నవ్వింది. మా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా! ఏందే ఇది, యోగానా? పడితే నడుం ఇరుగుతాది!"

మూసా కూడా నవ్వాడు. "మమ్మా, మాఫీ కలాం?" అన్నాడు. నేను తువ్వాలు వైపు చెయ్యి చూపించాను. అప్పుడతని నవ్వు ఆగింది. షీబా రోజూ చేయించే పరీక్షేనని గుర్తుపట్టాడు. "అనా తమామ్" అంటూ, నాకేం కాలేదన్నట్టు ఎక్కి కళ్ళు మూసుకున్నాడు. వెంటనే మోకాలు వణికి రెండో కాలు కింద పడింది. మెల్లగా కూర్చుని బూట్లు విప్పేశాడు.

మరుసటి రోజు ఖలీల్ భాయ్ నన్ను నిలదీశాడు. "కోర్టుల ఒంటికాలు మీద నిలవడ్డవంట?"

"మాట్లాడొద్దంటివి. నిలబడొద్దని అనలేదు గదా."

ఖలీల్ భాయ్ తలుపు వైపు తిరిగాడు. "నేనైతే ఏం ఇనలె. యల్లా, పని జూస్కో."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం మిగతావాళ్ళు ఆడుతుంటే మూసా గోడ పక్కన తువ్వాలు మీద నిలబడేవాడు. సీజను దగ్గరపడేసరికి క్లబ్బు కొంత, ఆటగాళ్ళు కొంత తగ్గారు. గేటు తెరిచారు. సిమెంటు మీద దూకి దూకి ఇద్దరు మంచి ఆటగాళ్ళు కాళ్ళు వాచి వచ్చారు, మొదటి మ్యాచులకు వాళ్ళు లేరు. మూసా పరీక్ష గట్టెక్కాడు. మునుపటంత ఎత్తు ఎగరలేదు. ఒప్పందం ఒక్క సీజనుకే ఇచ్చారు. షీబా నన్నేమీ అడగలేదు. తువ్వాలు ఉతికి దొంతరలో పెట్టాను.

లాకౌట్‌లో మొదట ఆగేది ఆట అనుకుంటారు. మొదట ఆగేది వైద్యం. బాగున్నవాడు ఇంకో గేటు వెతుక్కుంటాడు, సగం బాగైనవాడికి ఆ ఒక్క గేటే. అందుకే ఎక్కడ తాళం వేశారని విన్నా, ఎవరిది న్యాయమని నేను ముందు అడగను. ఆ రోజు వైద్యం బల్ల మీద ఎవరున్నారని అడుగుతాను.