నా నంబరు కొట్టిన ముక్క

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. కూరలో ఉప్పు ఎక్కువైనా, బస్సు గంట ఆలస్యమైనా నాకు కోపం రాదు. చేతకాని పనిని చేతనైనట్టు చూపించుకునేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండిపోతుంది. ఆ మంట నాకు పద్దెనిమిదేళ్ల వయసులో అంటుకుంది. చల్లార్చుకుందామని నేనెప్పుడూ ప్రయత్నించలేదు కూడా.

మాది పటాన్‌చెరు దగ్గర పల్లె. అరవైలలో అక్కడ పెద్ద ఫ్యాక్టరీ వస్తుందని చెప్పి, గొలుసులు పట్టి కొలిచి, మా నాయనకున్న రెండెకరాల జొన్నచేను తీసుకున్నారు. పోతూ పోతూ ఒక మాట ఇచ్చారు: ఇంటికొక పిల్లగాడు ఏదైనా పని నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఫ్యాక్టరీలోకి తీసుకుంటామని. మా ఇంట్లో ఆ పిల్లగాణ్ణి నేను. డెబ్బైల మొదట్లో, పదో తరగతి కాగానే, సంగారెడ్డి పోయే దారిలో ఉన్న ఒక చిన్న శిక్షణ స్కూల్లో ఫిట్టర్ పని నేర్చుకోవడానికి చేరాను. ఆ స్కూలు పేరు చెప్పను. ఇప్పుడది లేదు, దాని రేకుల షెడ్డూ లేదు.

ఫిట్టర్ పనంటే చూడ్డానికి ఏమీ ఉండదు. ఇనుప ముక్కను బెంచీకున్న పట్టుడులో బిగించి, ఆకురాయితో రాయాలి, అంటే అరగదీయాలి. రాసి, మూలమట్టం ఆనించి, వెలుతురుకు ఎత్తి చూడాలి. సందులోంచి వెలుగు కనిపిస్తే మళ్లీ రాయాలి. ఇలా రోజులు, నెలలు చేస్తే చేతికి ఒక నిలకడ వస్తుంది. అది పుస్తకం చదివితే వచ్చేది కాదు. రెండేళ్ల చదువు పెట్టిందే అందుకు.

మా సార్ మాకు ఆ రెండేళ్లు తలుపు గడియలు చేయడం నేర్పాడు. నేర్పాడని కూడా అనకూడదు, చేయించుకున్నాడు. ఆయన బావమరిదికి పటాన్‌చెరులో ఇనుప సామాను దుకాణం ఉండేది. ఆ దుకాణానికి కావలసిన గడియలు, కొక్కేలు, కిటికీ చువ్వలు మా ముప్పైమందిమీ కోసేవాళ్లం, వంచేవాళ్లం, రంధ్రాలు వేసేవాళ్లం. గడియకు కొలతతో పనేముంది? కాస్త అటూ ఇటూ అయినా తలుపు మూసుకుంటుంది. కొత్త ఆకురాళ్లు బీరువాలో ఉండేవి, అరిగిపోయినవి మా చేతుల్లో ఉండేవి.

ఆ బీరువాలో ఇంకొకటి కూడా ఉండేది. మాకంటే ముందెప్పుడో చదివిన ఒకతను, ఎవరో మాకు తెలియదు, మంచి చేయి ఉన్నవాడు, చేసిపెట్టి వెళ్లిన ముక్కలు. ప్రతి పరీక్షలో ఇచ్చే పని దాదాపు ఒకటే కాబట్టి, వాటిని చూసి అలాంటివే ఇంకొన్ని బయట చేయించి మా సార్ నూనెగుడ్డల్లో చుట్టి దాచేవాడు. పరీక్ష వస్తే వాటిమీది పాత నంబరు అరగదీసి, సుత్తితో కొత్త నంబరు కొట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచేవాడు. మేం వాటిని బీరువా ముక్కలు అనేవాళ్లం. దానికి ఆయన మమ్మల్ని డబ్బులేమీ అడిగేవాడు కాదు. సార్ మనసు ఎంత మంచిదో అని మేమే చెప్పుకునేవాళ్లం, సిగ్గులేకుండా.

మొదటి ఏడాది పరీక్షలో నేనూ తీసుకున్నాను. దొంగ పనితనమంటే ఒళ్లు మండుతుందని పెద్దగా మొదలుపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. మెరిసిపోయే ముక్క మీద నా నంబరు పదిహేడు కొట్టించుకుని, ఆ పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. మా నాయన వాడకట్టంతా తిరిగి చెప్పుకున్నాడు.

ఆ ఎండాకాలమే మా వాడకట్టు చేదబావి గిరక ఇరుసు అరిగిపోయింది. పట్నం తీసుకుపోయి చేయించాలని ఆడవాళ్లు అనుకుంటుంటే మా నాయన అడ్డం పడ్డాడు.

"పట్నం పోవుడు దేనికి? మావోడు ఫస్టొచ్చిండు. వాడే చేస్తడు తీయుండ్రి" అన్నాడు.

ఒక ఇనుప కడ్డీ తెచ్చి, అరుగు మీద కూర్చుని రెండు రోజులు రాశాను. గిరక రంధ్రానికి సరిపడా గుండ్రంగా రాయాలి, అంతే. ఒక పక్క సరిచేస్తే ఇంకో పక్క పలచబడింది. ఎలాగో దూర్చి బిగించాను. మొదటి రెండు బిందెలు వచ్చాయి. మూడోసారి ఇరుసు జారి గిరక, చేంతాడు, బిందె మొత్తం బావిలో పడ్డాయి.

"నీ కొడుకు ఏ బడిల ఫస్టొచ్చిండే?" అని ఒకామె అడిగింది. అందరూ నవ్వారు.

మా నాయన తువ్వాల నడుముకు చుట్టుకుని తనే బావిలోకి దిగాడు. నేను గట్టు మీద నిలబడి ఆయన తల కిందికి పోవడం చూశాను. సార్ మీద వచ్చిన కోపం కంటే నా మీద నాకు వచ్చిన కోపం ఎక్కువ. వాళ్లు నవ్వింది నా ఇరుసును చూసి, ఆ మార్కులను నమ్మినందుకు నీళ్లలోకి దిగింది మా నాయన.

సెలవులైపోగానే సార్ దగ్గరికి వెళ్లి, గడియలు చాలు, మాకు పని నేర్పండని అడిగాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"గడియ చేసుడు పని కాదా? అరే, పరీక్ష ఫికర్ నీకేంది? బీరువా ఉన్నది గద."

"బీరువా నాకొద్దు సార్."

"వద్దంటే వద్దు. పోయి చువ్వలు కొయ్యి జల్దీ."

ఇక నేనే నేర్చుకోవాలనుకున్నాను. అందరూ అన్నాలు తినే గంటలో చెత్తపెట్టెలోంచి ముక్కలు ఏరుకుని, అరిగిపోయిన ఆకురాయితోనే రాసేవాణ్ణి. నా బెంచీ మీదే పనిచేసే స్నేహితుడొకడు పక్కన కూర్చుని డబ్బా తెరిచి తింటూ నన్ను చూసేవాడు. వాళ్లది గుంటూరు వైపు. వాళ్ల నాన్నకు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి ఇక్కడికొచ్చారు.

"నీకెందుకురా ఈ బాధ? అందరూ పాసైపోతుంటే నువ్వొక్కడివే చేతులు బొబ్బలెక్కించుకుంటావా?" అనేవాడు. మంచివాడే. వాళ్లమ్మ పెట్టిన పచ్చడి నాక్కూడా పెట్టేవాడు. నాకు మాత్రం వాడి మీద కూడా ఒళ్లు మండేది.

చివరి పరీక్ష వచ్చింది. పని ఇది: ఒక పలకలో చదరపు గాడి కోయాలి, ఇంకో పలకకు అందులో ఇమిడే నాలుక చేయాలి. రెండూ కలిపితే సందు కనిపించకూడదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పని, ఆ తరవాత బయటి నుంచి పరీక్షాధికారి వచ్చి కొలుస్తాడు. అందరూ చప్పుడు కోసం ఆకురాళ్లు ఆడిస్తుంటే నేను చెమటలు కక్కుతూ రాశాను. నా నాలుక గాడిలోకి వెళ్లింది. ఒక మూల దగ్గర వెలుతురు సన్నగా కనిపిస్తోంది. ఇంకో అరగంట ఉంటే సరిచేసేవాణ్ణేమో, ఏమో. నంబరు కొట్టి సార్‌కు ఇచ్చేశాను.

మధ్యాహ్నం పరీక్షాధికారి ఒక్కొక్కరినే బల్ల దగ్గరికి పిలిచాడు. మా సార్ ఆయన పక్కన నిలబడి ముక్కలు అందిస్తున్నాడు. నా వంతు వచ్చింది. ఆయన రెండు పలకలూ కలిపి కిటికీ వైపు ఎత్తి చూశాడు.

"శభాష్. చక్కగా కూర్చుంది" అన్నాడు.

వెలుతురు ఎక్కడా లేదు. ముక్క నూనెతో మెరుస్తోంది. దాని మీద పదిహేడు అని ఉంది. అది నాది కాదు. ఒక్క ముక్క వంకరగా ఉంటే మిగతావన్నీ ఇంత అందంగా ఎలా ఉన్నాయని ఎవరైనా అడుగుతారు కదా. అందుకే మా సార్ నాది తీసేసి ఇది పెట్టాడు. నన్ను అడగలేదు కూడా. ఏడాదిపాటు నా చేయి పడిన కష్టాన్ని చెత్తలో పారేసి, దొంగ పనిని నా నెత్తిన రుద్దాడు.

"సార్, అది నాది కాదు" అన్నాను.

"ఏమిటి?"

"నేను చేసింది కాదు సార్ అది."

మా సార్ నవ్వాడు. "పరేషాన్‌ల ఏదో మాట్లాడుతుండు సార్. పిలగాడు జెర భయస్తుడు."

"మరి నీదేదయ్యా?" అని అడిగాడు పరీక్షాధికారి.

బల్ల కింద చెత్తపెట్టె ఉంది. మా సార్ దాని ముందుకు జరిగాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆయన కాళ్ల పక్కనుంచి చేయి పెట్టి, వెతికి తీశాను. దాని మీదా పదిహేడే ఉంది. పరీక్షాధికారి దాన్ని కొలిచాడు. మూల దగ్గర మళ్లీ కొలిచాడు.

"నిజం చెప్పావు, బాగుంది. కానీ కొలత తప్పింది. నేను మార్కులు వేయాల్సింది కొలతకే" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "మిగతావాళ్లవి?" అని అడిగాడు.

వెనక్కి తిరిగి చూశాను. అందరూ నేల చూస్తున్నారు. నా స్నేహితుడు మాత్రం నా మొహంలోకే చూస్తున్నాడు.

"నా సంగతి నాకు తెలుసు సార్" అన్నాను.

ఆ జవాబు ఈనాటికీ నాకు నచ్చదు. ధైర్యమంతా ఒక్క వాక్యానికే అయిపోయింది. ఆయనకు మాత్రం తెలియదా? అంతా అర్థమైంది. అయినా కొలిచే సామాను పెట్టెలో సర్దుకుని, కాగితాల మీద సంతకాలు చేసి, జీపెక్కి వెళ్లిపోయాడు. నన్ను ఫెయిల్ చేసినందుకు ఆయన మీద నాకు కోపం లేదు, నా ముక్క వంకరే. ముక్కలన్నీ కొలిచి, ఒక్కడి చేతికైనా ఆకురాయి ఇచ్చి ఏదీ రాసి చూపించు అని అడగనందుకు కోపం. అందరూ పాసయ్యారు. ఫెయిలైంది నేనొక్కణ్ణే.

ఆరు నెలల తరవాత మళ్లీ పరీక్ష రాశాను. ఆ ఆరు నెలలూ ఊళ్లో కమ్మరి దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాను. ఈసారి నా ముక్కే బల్ల మీదికి వచ్చింది, పాసైంది. మార్కులు అంతంతమాత్రమే. సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి మా నాయన కూడా ఉతికిన ధోవతి కట్టుకుని నాతో వచ్చాడు.

సర్టిఫికెట్‌తో పాటు స్కూలువాళ్లు ఇంకో కాగితం ఇవ్వాలి. అందులో విద్యార్థి నడత ఎలాంటిదో రాయడానికి ఒక గడి ఉంటుంది. దాన్ని నింపాల్సింది మా సార్. ఆ గడిలో మంచిదని లేకపోతే ఫ్యాక్టరీలో తీసుకోరు. మా సార్ ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు.

"ఆ దినం ముక్క నాదే, కోపంతోని అబద్ధమాడిన, మాఫీ చెయ్యుండ్రి అని రాసియ్యి. నేను మంచిగ రాస్త." మా నాయన వైపు తిరిగి, "జెర నీ పిలగానికి చెప్పు పెద్దమనిషీ. ఒక్క కాయిదంతోని అయిపాయె" అన్నాడు.

మా నాయనకు చదువు రాదు. "ఏం రాయమంటుండు బిడ్డా?" అని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన చాలాసేపు తలుపు వైపు చూశాడు. బయట కొత్త పిల్లలు గడియలకు రంధ్రాలు వేస్తున్నారు.

"భూమైతే పాయె. గా నౌకరన్న రానీ. రాయి బిడ్డా" అన్నాడు, నా మొహం చూడకుండా.

కలం తీసుకున్నాను. ఆ క్షణంలో నాకు మా నాయన మీద కూడా కోపం వచ్చింది. ఆయన చేత ఆ మాట అనిపించినవాడి మీద ఇంకా ఎక్కువ వచ్చింది. రాశాను. గడియల సంగతి, బావమరిది దుకాణం సంగతి, బీరువా సంగతి, మొదటి ఏడాది నేను తీసుకున్న ముక్క సంగతి, ముప్పైమందిమీ తీసుకున్న సంగతి, అన్నీ వరసగా రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. మా సార్ చదివాడు. మొహం నల్లబడింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నా గడి నింపి, ముద్ర వేయించి పంపించాడు.

నేను మాఫీ రాసిచ్చానని మా నాయన అనుకున్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ కాగితాలు రెండూ చేతుల్లో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు కూడా చూపించాడు. దిగేదాకా ఊరుకుందామా అనుకున్నాను. ఊరుకుంటే ఆయన చేతిలో ఇంకో బీరువా ముక్క పెట్టినట్టే అవుతుంది.

"నాయినా, నేను మాఫీ అడగలే. ఉన్నది ఉన్నట్టు రాసిన" అన్నాను. "నౌకరి రాదు."

ఆయన కాగితం నా ముందుకు చాపాడు. "మరి ఇందుల ఏం రాసిన్రు?"

"నడత బాగలేదని రాసిన్రు."

"ఎవనిది?"

"నాది."

ఆయన లేచి నిలబడ్డాడు. పైనున్న కడ్డీ పట్టుకుని, బస్సులో ఉన్న అందరికీ వినపడేలా అరిచాడు. మా నాయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

"నా కొడుకు నడత బాగలేదంట! ఎవడు రాసిండో సూడుండ్రి! ఎవని నడత బాగలేదంట?"

కండక్టర్ వచ్చి కూర్చోమన్నాడు. పటాన్‌చెరు వచ్చేదాకా మా నాయన కూర్చోలేదు.